ట్రేలో లేని ముప్పై నాలుగు కార్డులు

కార్డులమ్మ రోజూ అందరికంటే ముందే ఆఫీసుకు వచ్చేది. చెప్పులు బల్ల కిందకు నెట్టి, కుర్చీలో కూర్చోకముందే కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం దేవుణ్ణి తలుచుకునేది. ఆ తర్వాత పదకొండో నంబరు డ్రాయర్ లాగి, అందులోని ట్రేలో నిలువుగా పేర్చిన కార్డుల అంచుల మీదుగా బొటనవేలిని ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చేది. టరటరమని సన్నగా చప్పుడయ్యేది. ఒక్క కార్డు తగ్గినా ఆ చప్పుడులోనే తనకు తెలిసిపోతుందని ఆమె నమ్మకం. పొదుగు తడిమి ఆవు పూటకు ఎన్ని పాలిస్తుందో చెప్పే పాలమనిషి ధీమా లాంటిదది. ఇరవై రెండేళ్ళలో ఈ పని ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా వచ్చి, డ్రాయర్ తడిమి, సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి వెళ్ళిందని చెప్పుకునేవారు.

అది ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు కూర్చే పెద్ద నిఘంటువు ఆఫీసు. కింద టైర్ల దుకాణం, పైన ఈ నాలుగు గదులు. ఎండ ముదిరితే రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి బంక వాసనతో కలిసేది. గోడల పొడుగునా ఇనప బీరువాలు, వాటి నిండా డ్రాయర్లు, డ్రాయర్ల నిండా అట్ట కార్డులు. పేపర్లోనో, ఉత్తరంలోనో, గోడమీద నోటీసులోనో ఒక మాట కనబడితే ఆ వాక్యాన్ని కార్డు మీద ఎక్కించి, ఎక్కడ దొరికిందో కింద రాసి పెట్టడం అక్కడి పని. అలాంటి కార్డులు చాలినన్ని పోగయ్యాక వాటిని ముందు పరుచుకుని అర్థం రాస్తారు. ప్రతి డ్రాయర్‌కూ చిన్న చీటీ మీద దాని తాలూకు మనిషి పేరు ఉంటుంది.

పదకొండో డ్రాయర్ మీద ఆమె పేరే. అందులో ఉన్నవన్నీ పట్టుకోవడానికి, దగ్గర పెట్టుకోవడానికి సంబంధించిన మాటలు. మన భాషలో 'పట్టుకోవడం' అనే ఒక్క మాటతో సంసారం గడిచిపోతుంది. దొంగను పట్టుకుంటాం, బస్సు పట్టుకుంటాం, లెక్కలో తప్పు పట్టుకుంటాం, జలుబు మనల్ని పట్టుకుంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ఊరికే చేతిలో ఉంటే ఒక మాట, బిగిస్తే ఒక మాట, ఎదుటివాడి చేతిలోంచి తటాలున లాగితే ఇంకొకటి, అధికారంతో తీసుకుంటే మరొకటి. ఒకదాని చోట ఇంకొకటి వేస్తే కోడలి గాజులు అత్త వేసుకున్నట్టే, ఎక్కవు, ఎక్కినా దిగవు. వీటి మధ్య తేడాలు కార్డులమ్మకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియవని అందరూ ఒప్పుకునేవారు. ఒప్పుకోనిదల్లా ఒక్కటే. తొమ్మిదేళ్ళుగా ఆ డ్రాయర్ పూర్తయిందని ఆమె నోటితో అనలేదు.

ఆఫీసు మొత్తానికి సంపాదకుడిని అందరూ పెద్దాయన అనేవారు. నెలకోసారి ఆయన వచ్చి బల్ల మీద వేలితో తట్టేవారు.

"అమ్మా, పదకొండు ఎంతవరకు వచ్చింది?"

"ఇంకొక్క నెల సార్. గ్రాస్ప్‌కి, గ్రిప్‌కి మధ్య ఒక్క ముడి ఉంది. అది విడిపోతే అయిపోయినట్టే."

ఆ ముడి విడేది, ఇంకో ముడి పడేది. పిల్లకు పెళ్ళి చెయ్యడం ఇష్టంలేని తల్లి వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టినట్టుండేది ఆమె వరస.

ఆ ఏడు కొత్త మనిషి ఒకడు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పన్నెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి, సీట్ల మధ్య నిలబడే చదువుకుని, ఇంగ్లీషులో పెద్ద పరీక్ష పాసయ్యాడు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొదటిరోజు నుంచే అతని పేరు కండక్టర్ అయిపోయింది. కార్డులమ్మను అతను అక్కా అనేవాడు. "ఎప్పటి అక్కనయ్యా నేను నీకు?" అని ఆమె మొహం ముడుచుకుంటే, "టికెట్ కొన్నాక దిగేదాకా అందరూ అక్కలే, అన్నలేనక్కా" అనేవాడు.

వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం పెద్దాయన ఆమెను గదిలోకి పిలిచారు. కూర్చోమని కుర్చీ తనే జరిపారు. ఆయన అలా ఎప్పుడూ చేసేవారు కాదు.

"మొదటి సంపుటం ఈ నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్ళాలమ్మా. పదకొండు కోసం ఆగాం, ఇక ఆగలేం. సోమవారం నుంచి ఆ డ్రాయర్ కండక్టర్ చూస్తాడు. చివరి చూపు ఎలాగూ మీదే కదా. ఏ పేజీ అయినా మీ కంటి కింద నుంచి పోకుండా ప్రెస్సుకి పోదు."

"అలాగే సార్," అంది ఆమె. అన్నది తనేనా అని తర్వాత అనుమానం వచ్చింది.

మరునాడు శనివారం, ఆఫీసు సగం పూటే. అందరూ మెట్లు దిగాక ఆమె డ్రాయర్ ముందు నిలబడింది. అందులో ఓన్, పొసెస్ అనే రెండు మాటల కార్డులంటే ఆమెకు ప్రాణం. మిగతావన్నీ చేతితో చేసే పనులు. ఇవి రెండూ చేతికి కనబడని మాటలు, ఒకటి సొంతమై ఉండటం, ఒకటి దగ్గర ఉండటం. ఇవి ఆమె ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చినవి. అద్దె ఒప్పందాలు, గ్రంథాలయం నోటీసులు, పక్కింటివాళ్ళ నిచ్చెన తెచ్చుకుని ఏడాదైనా తిరిగివ్వని మనిషికి ఎవరో రాసిన ఉత్తరం. పొసెస్ కార్డులు అన్నీ, ఓన్ కార్డుల్లో మంచివి, కలిపి ముప్పై నాలుగు. రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది. ఒక్క రోజు దగ్గర పెట్టుకుని సోమవారం తెచ్చేద్దాం అనుకుంది. ఇంటికి వెళ్ళి బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బా బట్టల కింద పెట్టింది.

సోమవారం తేలేదు.

ఆమె భర్త వడ్రంగి. ఇంటి ముందుగది అతని దుకాణం. మాట తక్కువ మనిషి. భార్య ఆఫీసు నుంచి వచ్చేవేళకు కుర్చీ మీది రంపపు పొట్టు తుడిచి, కాళ్ళు పెట్టుకోవడానికి చిన్న పీట ముందుకు జరిపి ఉంచేవాడు. ఆ రోజు ఆమె పీట మీద కాళ్ళు పెట్టలేదు.

"ఏమైందే?"

"ఏముంది, ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. నా డ్రాయర్ లాక్కున్నాడు ఆ కండక్టర్. పెద్దాయన్ని మాటలతో బుట్టలో వేసుకుని లాక్కున్నాడు."

లాక్కున్నాడు అనే మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఇరవై రెండేళ్ళు కూర్చుని తేల్చిన మనిషి ఆ మాట అంది. పై అధికారి పిలిచి, కుర్చీ వేసి, నెమ్మదిగా చెప్పి మార్చినదానికి లాక్కోవడం అనరని ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. భర్తకు ఇవన్నీ ఏం తెలుసు? ఆమె మొహం చూశాడు, చేతిలో ఉన్న ఉలి పక్కన పెట్టాడు. "ఛీ, ఏం మనిషి," అన్నాడు. అతను ఒక మనిషిని తిట్టగా ఆమె వినడం అదే మొదలు. ఆ తిట్టు ఆమెకు చల్లని మంచినీళ్ళు తాగినట్టు హాయిగా ఉంది.

ఈర్ష్య ఒకేసారి భగ్గుమనే మంట కాదు. పొయ్యిలో పెట్టిన తడికట్టె. మంట కనబడదు, కళ్ళు మాత్రం మండుతాయి. ఆ వారమంతా కార్డులమ్మ కళ్ళు మండాయి. కండక్టర్ బల్ల ఆమె బల్లకు ఎదురే. అతను డ్రాయర్ లాగితే ఇక్కడ ఆమె దవడ బిగుసుకునేది. అతను కార్డులు గట్టిగా వంచి తీసేవాడు. అంచులు నలిగిపోతాయని చెప్పాలనిపించేది, నలిగితే నలగనీ, అందరికీ తెలుస్తుంది అని ఊరుకునేది. అతను పని చేస్తూ ఒక పాట కూనిరాగం తీసేవాడు. ఆ పాట ఆమెకు ఇష్టమైనదే. ఆ వారం నుంచి కాకుండా పోయింది.

టీ పోసే ఆవిడను అందరూ పిన్ని అనేవారు. ఒకనాడు కార్డులమ్మ గ్లాసు పట్టుకుని చూసింది.

"ఏం పిన్నీ, నాకు సగమే పోశావు?"

"రోజూ అంతే కదమ్మా పోసేది. ఇవాళే కొత్తగా కనబడిందా?"

"అతనికి నిండా పోశావుగా?"

"అతను తాగిన గ్లాసు కడిగి ఇస్తాడమ్మా. ఇరవై రెండేళ్ళలో మీరెప్పుడైనా కడిగారా?"

పిన్ని మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది. అదే పుండు మీద కారమైంది. ఆ రోజు కార్డులమ్మ గ్లాసు కడగడానికి కొళాయి దాకా వెళ్ళి, అతన్ని చూసి నేర్చుకుంది అనుకుంటారేమోనని మళ్ళీ తెచ్చి బల్ల మీదే పెట్టింది.

గురువారం జరిగింది అసలు సంగతి. కండక్టర్ బట్టలారేసే తాడు ఒకటి తెచ్చి, రెండు బీరువాల మధ్య తల ఎత్తున కట్టాడు. చేతులు రెండూ చరిచాడు.

"రండి రండి, లోపల ఖాళీ ఉంది, ముందుకు జరగండి!"

"ఇదేం ఆటయ్యా?" అంది పిన్ని.

"ఆట కాదు పిన్నీ, ఉద్యోగం. ఈ తాడు పట్టుకో. ఊరికే పట్టుకో. ఆఁ, ఇది హోల్డ్. చేతిలో ఉంది, అంతే. ఇప్పుడు డ్రైవరు బ్రేకు వేశాడనుకో..." అంటూ ఆమె భుజం మెల్లగా ఊపాడు. పిన్ని కెవ్వుమని తాడు బిగించింది. "చూడండి, కణుపులు తెల్లబడ్డాయి! ఇది గ్రిప్. పన్నెండేళ్ళు ఈ తెల్ల కణుపులే చూశాను. పడిపోతూ దొరికినదాన్నల్లా పట్టుకుంటే గ్రాబ్. నా చొక్కా జేబులు మూడు ఆ గ్రాబ్‌లోనే చిరిగిపోయాయి."

పెద్దాయన గది తలుపు దగ్గరకు వచ్చి నిలబడి నవ్వారు. పెద్దాయనకు పళ్ళు ఇలా ఉంటాయని ఆ రోజే అందరూ చూశారు. కార్డులమ్మ ఆ నవ్వునే చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆయన తన పనిని మెచ్చుకున్నారు. ఏనాడూ నవ్వలేదు.

"మరి క్లచ్?" అని అడిగారు పెద్దాయన.

కండక్టర్ గొంతు తగ్గింది. "ఆసుపత్రి స్టాపులో ఎక్కేవాళ్ళు సార్. ఎక్స్‌రే కవరు గుండెకేసి అదుముకుని కూర్చుంటారు. అది పడిపోదు, ఎవరూ తీసుకుపోరు. సీటు దొరికినా, పక్కన పెట్టుకోమన్నా వదలరు. అదీ సార్ క్లచ్."

 క్లచ్ మీద కార్డులమ్మ పోగుచేసినవి అరవై ఒక్క కార్డులు. ఆ అరవై ఒక్కటిలో ఇంత చక్కనిది ఒక్కటి లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా అక్కడ ఇంకెవరికీ తెలియదు. అందుకే నోరు ఆగలేదు.

"దానికి కార్డు నంబరెంతయ్యా?"

"కార్డు లేదక్కా. కళ్ళతో చూసింది."

"కళ్ళతో చూసినవన్నీ అచ్చేసుకుంటూ పోతే ఇక బీరువాలెందుకు? టైర్ల షాపుకి అద్దెకిచ్చేద్దాం."

కండక్టర్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. పెద్దాయన సర్దిచెప్పారు. "కార్డు లేకపోతే ఎవరు చెప్పారో మార్జిన్‌లో రాస్తే చాలు కదమ్మా. మన ఆఫీసు పద్ధతే అది. మీరే అందరికీ నేర్పారు."

అవును, ఆమే నేర్పింది. వాక్యం పక్కన ఆధారం ఉండాలి. కార్డయితే నంబరు, మనిషయితే మనిషి.

తర్వాత సోమవారం కండక్టర్ ఆమె బల్ల దగ్గరకు వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"అక్కా, చేతితో పట్టుకునే మాటలైతే నాకు తెలుస్తున్నాయి. ఓన్, పొసెస్ మాత్రం తాడుకి చిక్కడం లేదు. ట్రేలో ఓన్ కార్డులు ఏడే ఉన్నాయి. పొసెస్ ఒక్కటీ లేదు. మీరు పోగేసినవి వేరే ఎక్కడైనా..."

"లేవు."

"ఒక్కటి కూడానా?"

"ఉంటే ట్రేలోనే ఉంటాయి కదయ్యా. నేనేమైనా ఇంటికి పట్టుకుపోయానా?"

"అయ్యో, నేనలా అన్నానా అక్కా!" అని అతనే నొచ్చుకుని వెళ్ళాడు. బుధవారం మళ్ళీ వచ్చి అడిగాడు. బుధవారం మళ్ళీ లేవంది. రెండోసారి అబద్ధం మొదటిసారి కంటే తేలికగా వచ్చింది. ఆ రాత్రి దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే ఎప్పుడూ వచ్చే మాటలు రాలేదు. మెడ నొప్పి అని చెప్పి తొందరగా లేచిపోయింది.

శుక్రవారం అతను పొద్దున ఆలస్యంగా వచ్చాడు.

"నిన్న మీ ఇంటికొచ్చానక్కా, మీరు ఇంకా రాలేదు. మా అమ్మకి మంచం పక్క గోడకి ఒక కర్ర బిగించాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి. బావగారు మంచి పనివాడని విన్నాను. చేతినిండా పని ఉందన్నారు."

"ఉంటుంది," అంది కార్డులమ్మ తల ఎత్తకుండా.

"అవున్లెండి. నేనే మేకులు కొట్టేసుకున్నాను."

భర్త చేతినిండా పని లేదు. వారం నుంచి ఒక కిటికీ రెక్క తప్ప ఏమీ లేదు. పని అడిగిన మనిషిని అతను ఏనాడూ కాదనలేదు. అడిగితే ఇంట్లో ఉన్న బల్ల విప్పి అయినా ఇచ్చే రకం. ఆ సాయంత్రం అడిగితే, "నీ డ్రాయర్ లాక్కున్నవాడికి నేను కర్ర చెక్కాలా?" అన్నాడు. ఆమెకు సంతోషం కలగాలి. ముందు కొంచెం కలిగింది కూడా. తర్వాత అన్నం సగంలోనే వదిలి లేచింది.

మంగళవారం అతను రానేలేదు. మేకు ఊడి, కర్రతో పాటే వాళ్ళమ్మ కింద పడిందని, మణికట్టు బెణికిందని, చేతికి కట్టు కట్టించి ఇంటి దగ్గర ఉన్నాడని పిన్ని చెప్పింది. "ముసలావిడ ఏమందో తెలుసా అమ్మా? కర్ర మంచిదే, నా బరువే ఎక్కువైందందిట. కొడుకుని ఒక్క మాట అననివ్వలేదు." అని పిన్ని కళ్ళు తుడుచుకుంది. కార్డులమ్మ గ్లాసు పక్కకు జరిపింది. టీ చల్లారిపోయింది.

అయినా ఈర్ష్య దిగలేదు, అదే వింత. అయ్యో అన్న మనసే మరుక్షణంలో, ఈ సంగతి తెలిస్తే పెద్దాయన ఇక అతన్ని నెత్తిన పెట్టుకుంటారు అని లెక్క వేసింది. తన మనసును చూసి తనకే భయమేసింది.

గురువారం పొద్దున పదకొండో డ్రాయర్ పేజీలు చివరి చూపు కోసం ఆమె బల్ల మీదకు వచ్చాయి. ప్రెస్సు మనిషి రెండింటికి వస్తాడు. ఎర్ర పెన్సిల్ చెక్కుకుంది. తప్పులు దొరకాలని కోరుకుంది. ఇది దాచి లాభం లేదు, నిజంగానే కోరుకుంది. హోల్డ్ దగ్గర తప్పు లేదు. గ్రిప్ దగ్గర లేదు. స్నాచ్ దగ్గర తను తొమ్మిదేళ్ళు నలిపిన ముడిని అతను ఒక్క వాక్యంలో విప్పాడు. లాగేదానికి ఇంకో చెయ్యి ఎదురుండాలి, ఒంటరిగా బల్ల మీద ఉన్నదాన్ని తీసుకుంటే అది స్నాచ్ కాదు అని. క్లచ్ దగ్గర ఎక్స్‌రే కవరు ఉంది. పెన్సిల్ మొన అరగలేదు.

నాలుగో పేజీలో దొరికింది. ఓన్, పొసెస్ రెండింటికీ అర్థం ఒక్కటే, ఒకదాని చోట ఒకటి వాడవచ్చు అని రాశాడు. శుద్ధ తప్పు. నిచ్చెన తెచ్చుకున్నవాడి దగ్గర నిచ్చెన ఉంది, నిచ్చెన అతనిది కాదు. అద్దెకున్నవాడి అధీనంలో ఇల్లుంది, ఇల్లు అతనిది కాదు. ఆ తేడా తెలియకుండా నిఘంటువు అచ్చయితే బడిపిల్లలు చదివి అదే నేర్చుకుంటారు, అదే రాస్తారు. తప్పు మాత్రం కండక్టర్ పేరు మీద ఉంటుంది. ఎర్ర పెన్సిల్ ఆ వాక్యం మీదకు వెళ్ళింది. ఒక్క గీత గీసి పెద్దాయన దగ్గరకు తీసుకుపోతే చాలు. డ్రాయర్ తిరిగి వస్తుంది. బస్సులో నిలబడి చదివిన చదువు ఇంతే అని తను అననక్కర్లేదు, అందరూ అంటారు.

అప్పుడు మార్జిన్ చూసింది. ఆధారం రాసేచోట నంబరు లేదు. అతని గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "తేడా చూపే కార్డులు లేవు. ఆధారం: అక్క మాట."

ఆమె చాలాసేపు ఆ రెండు ముక్కల వంకే చూసింది. ఏళ్ళ తరబడి ఆ మార్జిన్లలో ఎన్నో పేర్లు చదివింది. జాలరి చెప్పాడు, నర్సు చెప్పింది, తాళాలు చేసేవాడు చెప్పాడు. ఎవరి మాటనూ ఆమె అనుమానించలేదు. అబద్ధం చెప్పి నిఘంటువును చెడగొట్టే మనిషి ఉంటాడని ఆమెకు తోచనే లేదు. ఇప్పుడు ఆ వరసలో తన మాట ఉంది. మార్జిన్ కాగితాలను ఆఫీసు ఎప్పటికీ పారెయ్యదు. ఎవరూ తీసి చూడకపోవచ్చు. కానీ ఉంటుంది.

పెన్సిల్ కింద పెట్టి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. "ఎక్కడికమ్మా ఎండలో?" అని టైర్ల దుకాణం మనిషి అడిగాడు. వినిపించుకోలేదు. ఇంట్లో భర్త కిటికీ రెక్కకు ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. "ఇంత తొందరగానా? ఒంట్లో బాగాలేదా?" అని లేచి చేతులు తుడుచుకున్నాడు. చెప్పాలని నోరు తెరిచింది. "కాగితాలు మర్చిపోయాను," అంది. డబ్బా బట్టల కింద నుంచి తీసి సంచిలో వేసుకుంది. గడప దిగుతుంటే అతను గొడుగు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ గొడుగు విప్పకుండానే ఆఫీసు దాకా నడిచింది.

కండక్టర్ ఆ రోజు వచ్చాడు. కార్డులమ్మ ముందు పెద్దాయన గదికి వెళ్ళి, నాలుగో పేజీ సాయంత్రానికి ఇస్తానని, తప్పు తన వల్ల జరిగిందని చెప్పింది. "మీ వల్లా?" అన్నారాయన. "కార్డులు నా దగ్గరే ఉన్నాయి సార్. లేవని చెప్పాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. ప్రెస్సుకు ఫోను చేసి, మనిషిని సాయంత్రం అయిదింటికి పంపమన్నారు. ఆయన తిట్టి ఉంటే ఆమెకు బాగుండేది.

అక్కడి నుంచి వచ్చి బిస్కెట్ల డబ్బా కండక్టర్ బల్ల మీద పెట్టింది. అతను మూత తీశాడు. రబ్బరు బ్యాండు తీసి మొదటి కార్డు చదివాడు. రెండోది చదివాడు.

"ఇవి ఎక్కడ దొరికాయక్కా?"

"దొరకలేదు. నేనే తీసుకుపోయాను. డ్రాయర్ నీ చేతికి రాకముందు శనివారం."

అతను తల ఎత్తాడు. మొహంలో నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆ మొహం ఇంత పెద్దదనిపిస్తుందని ఆమెకు తెలియదు.

"నేను రెండుసార్లు అడిగాను."

"అడిగావు."

"రెండోసారి అడగడానికి సిగ్గేసింది కూడా. అక్క మాట నమ్మనట్టుంటుందని."

ఆమె నిలబడే ఉంది. అతను కార్డులు ఒక్కొక్కటే చూస్తున్నాడు, ఈసారి అంచులు వంచకుండా. నిచ్చెన ఉత్తరం దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు. పెదవులు కదిలాయి.

"అబ్బా," అన్నాడు తనకు తానే. "ఇది చూసుంటే ఆ వాక్యం రాసేవాణ్ణే కాదు." తర్వాత ఆమెను చూసి, "అయితే ఇన్నాళ్ళు టికెట్ లేకుండానే ప్రయాణం చేశారన్నమాట," అన్నాడు. అందులో సగం వేళాకోళం, సగం కోపం. ఏ సగం ఎక్కువో అతనికే తెలియదు.

"ఇంకొకటుంది తమ్ముడూ." తమ్ముడూ అనడం అదే మొదటిసారి. "మీ బావగారికి చేతినిండా పనేం లేదు ఆ రోజు. నువ్వు నా డ్రాయర్ లాక్కున్నావని నేను చెప్పాను. అందుకే కాదన్నారు. ఆయన ఎవర్నీ కాదనే మనిషి కాదు."

కండక్టర్ చేతిలోని కార్డు బల్ల మీద పెట్టాడు. కిటికీలోంచి బయటకు చూశాడు. కింద ఎవరో టైరు దొర్లిస్తున్న చప్పుడు వినబడింది.

"మా అమ్మ చెయ్యి ఇంకా వాచే ఉందక్కా," అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఇప్పుడు నేనేమనాలి మిమ్మల్ని?"

"ఏమన్నా పడతాను."

అతను పక్క కుర్చీ కాలితో లాగాడు, కూర్చోమన్నట్టు. ఇద్దరూ కూర్చున్నారు. మూడు గంటలకు పైగా ఆ రెండు మాటల మీదే పని చేశారు. అతను ఒక వాక్యం రాస్తే ఆమె కొట్టేసింది, ఆమె చెబితే అతను ఒప్పుకోలేదు. ఒకసారి గొంతులు లేచాయి కూడా. తలుపు దాకా వచ్చిన పిన్ని రెండు గ్లాసులు పెట్టి వెళ్ళింది. మార్జిన్‌లో అతను పాత ఆధారం కొట్టేసి కార్డుల నంబర్లు వేస్తుంటే, కొట్టేసిన మాట కనబడేలా ఒక్క గీతే గియ్యమని ఆమె చెప్పింది. కొట్టేసినది కూడా చదవగలగాలన్నది ఆఫీసు పద్ధతి. అతను అలాగే గీశాడు.

అయిదింటికి పేజీ వెళ్ళిపోయింది. అతను సంచి సర్దుకున్నాడు. ఆమె లేవలేదు.

ఆ పేజీ అతనిదే. చదివినవాళ్ళు అతన్నే మెచ్చుకుంటారు. ఆ తలపు వచ్చినప్పుడు లోపల ఎక్కడో తడికట్టె ఇంకా పొగ చిమ్మింది. చిమ్మలేదని చెబితే ఇంకో అబద్ధమవుతుంది.

"తమ్ముడూ, ఒక్క సాయం చెయ్యి."

"మళ్ళీ ఏంటక్కా?"

"ఇప్పుడు మా ఇంటిదాకా రా. ఆయనకి నిజం చెప్పాలి. మధ్యాహ్నం చెబుదామనే వెళ్ళాను, నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది. ఒక్కదాన్నే వెళితే ఇప్పుడూ అదే వస్తుంది, నా సంగతి నాకు తెలుసు. నువ్వు పక్కనుంటే రాదు. నువ్వేమీ మాట్లాడొద్దు, నన్ను వెనకేసుకురావొద్దు. నేను చెప్పడం అయ్యేదాకా గడప దగ్గర ఊరికే నిలబడు."